మన వంటిల్లు: పెనం కింది నిప్పుకు ఊపిరి



ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. పొందూరుకు దగ్గరలోని ఒక పల్లె నుంచి ఒక తల్లి రాశారు. వారి అబ్బాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. క్రిస్మస్‌కు ఇంటికి వస్తూ బొగ్గులతో వండుకునే గ్రిల్ ఒకటి తెచ్చాడట. నాలుగు కాళ్ళ ఇనుప తొట్టె, దాని మీద చువ్వలు. పండుగనాడు చువ్వల మీద కోడిమాంసం కాల్చుకుని ఇంటిల్లిపాదీ తృప్తిగా తిన్నారు. చువ్వలు తీసేసి వాటి చోట పెట్టుకునే మందపాటి ఇనుప పలక కూడా దానితోపాటు వచ్చింది. పెనంలాగే ఉంది కదా అని ఆ తల్లి మర్నాడు దాని మీద అట్లు పోశారు. మొదటి అట్టు నడుమ మాడింది, అంచులు పచ్చిగా ఉండిపోయాయి. రెండోది పలకకు అంటుకుని ముక్కలైంది. నాలుగో అట్టు వేసేసరికి కింద నిప్పే ఆరిపోయింది.

"ఇంత ఖరీదు పెట్టి కొన్నది అటక ఎక్కించాలా అమ్మా? వానాకాలంలో దీన్ని వంటింట్లో పెట్టుకుని వాడుకోవచ్చా అని మా కోడలు అడగమంటోంది. ఆ సంగతి కూడా రాయండి" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఈ పేజీ అంతా పడుతుంది. రెండో ప్రశ్నకు ఒక్క మాట చాలు: వద్దు. ఎందుకు వద్దంటున్నానో చివర చెబుతాను. దయచేసి అక్కడిదాకా చదవండి. నిజానికి మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. అది గాలి.

మామ్మ కుంపటి

మీ ఇంటికి వచ్చిన ఆ గ్రిల్ మనకు కొత్త చుట్టం కాదు. మన కుంపటికి తోబుట్టువే. గ్యాసు పొయ్యిలు రాకముందు ఏ ఇంట్లో చూసినా మట్టి కుంపటో ఇనుప కుంపటో ఉండేది. 1999లో దీపం పథకం వచ్చాక పల్లెల్లో కూడా గ్యాసు బండలు పెరిగాయి. కుంపట్లు అటకెక్కాయి. వాటితోపాటు నిప్పును ఎలా మచ్చిక చేసుకోవాలో చెప్పే మాటలు కూడా అటకెక్కాయి.

నేను పుట్టి పెరిగింది పొందూరులోనే. మా మామ్మ నూలు వడికేది. పొందూరు సన్న ఖద్దరు సంగతి మీకు తెలియనిది కాదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద సన్నని నూలు తీస్తారు. మా ముందుగది నిండా ఎప్పుడూ దూదే. గాలికి ఎగిరి తలలో, చీర కుచ్చెళ్ళలో, చివరికి అన్నం గిన్నెలో కూడా కనిపించేది. అందుకని మామ్మ ఒక కట్టడి పెట్టింది. కుంపటి గడప దాటి లోపలికి రాకూడదు. ఎండైనా, మంచైనా, పురిటి ఇల్లైనా సరే, కుంపటి చోటు దొడ్లోని తాటాకు చూరు కిందే. పుష్యమాసపు చలిలో మేము, "మామ్మా, కాస్త లోపల పెట్టుకుని చలి కాచుకుందాం" అని బతిమాలితే, "దూది ఉన్న ఇంట్లోకి నిప్పు రాకూడదర్రా" అనేది. ఆ మాట దూది కోసమే అనుకున్నాను చాలా ఏళ్ళు.

ఆ చూరు కిందే అట్లు పోయడం నేర్చుకున్నాను. మామ్మ చెప్పినవీ, తర్వాత నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్నవీ ఇప్పుడు మీకు వరసగా చెబుతాను.

నిప్పు ఎందుకు ఆరింది?

ఒకసారి పాత మట్టి కుంపటిని గుర్తుకు తెచ్చుకోండి. దాని అంచు మీద మూడు గుబ్బలు పైకి లేచి ఉంటాయి. గిన్నె పెట్టినా, పెనం పెట్టినా ఆ మూడు గుబ్బల మీదే నిలుస్తుంది. అంచుకూ గిన్నెకూ మధ్య రెండు వేళ్ళ సందు మిగులుతుంది. ఆ గుబ్బలు అందానికి పెట్టినవి కావు. కుంపటి కింది కన్నంలోంచి గాలి లోపలికి పోతుంది, బొగ్గును మండిస్తుంది, వేడెక్కి పైకి లేచి ఆ సందుల్లోంచి బయటికి పోతుంది. పాత గాలి బయటికి పోతేనే కొత్త గాలి లోపలికి వస్తుంది. పైదారి మూసేస్తే కిందిదారి ఎంత తెరిచినా ప్రయోజనం లేదు. నిప్పుకు ఊపిరి ఆడదు.

మీ గ్రిల్‌లో జరిగింది అదే. చువ్వలు ఉన్నంతసేపూ వాటి సందుల్లోంచి గాలి ఆడింది, నిప్పు బాగా మండింది. ఇనుప పలక తొట్టె మూతిని పూర్తిగా కప్పేసింది. నాలుగు అట్లకే నిప్పు అలసిపోయింది.

దీనికి మందు సులువే. పలక తొట్టె అంచులకు అతుక్కుని కూర్చోకుండా నాలుగు మూలలా అంగుళం ఎత్తున్న ఇనుప ముక్కలు గానీ, కదలకుండా నిలిచే ఇటుక పెచ్చులు గానీ పెట్టండి. పలక ఊగకూడదు సుమా. ఊగితే మరుగుతున్న నూనె మీద పడుతుంది. లేదా పలకను తొట్టెకు ఒక వైపుగా జరిపి, రెండో వైపు చువ్వలు అలాగే ఉంచండి. విదేశాల్లో ఇటువంటి పలకలను చాలావరకు సగం గ్రిల్‌కు సరిపోయేటట్టే చేస్తారు. ఒక పక్క పెనం, ఒక పక్క చువ్వలు. గాలికి దారి ఉంటుంది, రెండు రకాల వంటలూ ఒకేసారి అవుతాయి. తొట్టె అడుగున పేరుకున్న బూడిదను కూడా ప్రతిసారీ ముందుగా తీసేయండి. బూడిద నిండితే కింది దారి మూసుకుపోతుంది.

నిప్పు రాజేయడం

బొగ్గు గట్టిదిగా, పొడిగా ఉండాలి. మన వైపు సరుగుడు, తుమ్మ కర్రల బొగ్గు మంచిది. ఒకదానితో ఒకటి కొడితే గలగలమనాలి. చెమ్మగిల్లిన బొగ్గు చిటపటమని నిప్పురవ్వలు చిమ్ముతుంది. నూలు, దూది, గడ్డి ఉన్న ఇళ్ళ దగ్గర ఇది చాలా ప్రమాదం.

కిరోసిన్ గానీ పెట్రోలు గానీ పొయ్యకండి. ఆ వాసన అట్టుకు పట్టేస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆరిందనుకున్న నిప్పు మీద మళ్ళీ నూనె పోసి ఒళ్ళు కాల్చుకున్నవారు ఉన్నారు. ఎండిన కొబ్బరిపీచు, తాటాకు ముక్కలు, ఒక చిన్న పిడక, వాటి మీద చిన్న బొగ్గులు, ఆ పైన పెద్ద బొగ్గులు పేర్చి కిందినుంచి వెలిగించండి. విసనకర్రతో నెమ్మదిగా విసరండి. ఇరవై నిమిషాలు ఓపిక పట్టాలి. నల్లబొగ్గు మీద సన్నని తెల్లని నివురు కమ్మిన తర్వాతే పెనం పెట్టాలి. మంట ఎగసిపడుతుండగా పెనం పెట్టడం తొందరపాటు. మంట పైకి కనబడుతుంది గానీ నిలకడ ఉండదు. అట్లకు కావలసింది నిలకడైన వేడి.

నడుమ మాడి, అంచు పచ్చిగా ఎందుకుంది?

పోత ఇనుము వేడిని చాలాసేపు దాచుకుంటుంది. కానీ ఒక చోటినుంచి ఇంకో చోటికి త్వరగా పంచదు. నిప్పులన్నీ నడుమ కుప్పపోస్తే నడుమే కాలుతుంది, అంచులకు వేడి చేరదు. కాబట్టి అట్ల కోసం నిప్పులను పట్టకారుతో పక్కకు జరిపి, నడుమ పలచగా, చుట్టూ కొంచెం మందంగా దండలాగా పరవండి. పలక పొడవైనదైతే ఒక కొసన నిప్పులు మందంగా, రెండో కొసన పలచగా ఉంచండి. మందంగా ఉన్న వైపు అట్టు కాల్చి, పలచగా ఉన్న వైపుకు జరిపితే వడ్డించేదాకా వేడిగా ఉంటుంది, మాడదు. గ్యాసు పొయ్యికి మంట తిప్పే మీట ఉంది. బొగ్గు పొయ్యికి నిప్పులు సర్దే మీ చెయ్యే మీట.

నిప్పు అందుకున్నాక పలకను పెట్టి పది నిమిషాలు ఊరికే వేడెక్కనివ్వండి. ఆ తర్వాత అరచేతిని పలకకు జానెడు ఎత్తున చాపి, ఒకటి, రెండు అని నెమ్మదిగా లెక్కపెట్టండి. రెండు మూడుకే చెయ్యి తీసేయవలసి వస్తే వేడి ఎక్కువ, చేపలకు సరిపోతుంది. ఐదారు వరకూ ఓర్చుకోగలిగితే అట్లకు సరైన వేడి. నీటిచుక్కతో కూడా చూడవచ్చు. చుక్క పడగానే సుయ్యిమని ఇగిరిపోతే మంచిది. ఇగరకుండా ముత్యంలాగా గుండ్రమై పలక మీద పరుగులు తీస్తుంటే వేడి మించిపోయింది. అప్పుడు రెండు నిప్పులు తీసి పక్కన పెట్టండి. వేడి తగ్గించాలని కాలిన పోత ఇనుము మీద చెంబెడు చన్నీళ్ళు మాత్రం గుమ్మరించకండి, పగిలిపోతుంది. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు.

ఇంకో మాట. ఇంట్లో గ్యాసు మీద వాడే, అడుగు అంటుకోని నల్లపూత పెనాన్ని బొగ్గుల మీద పెట్టకండి. 260 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే ఆ పూత చెడి హానికరమైన పొగలు వదులుతుంది. బొగ్గుల మీద ఆ వేడి రావడం ఎంతో సేపు పట్టదు. బొగ్గుకు ఇనుమే జత.

కొత్త పలకను అట్లకు అలవాటు చేయడం

రెండో అట్టు అంటుకుపోయిందని రాశారు. కొత్త ఇనుము అలాగే చేస్తుంది. పలకను సబ్బుతో ఒకసారి కడిగి, బియ్యం కడిగిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్న పీచుతో తోమి, నిప్పు మీద పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత గుడ్డతో నూనె చాలా పలచగా పూయండి. కారేటట్టు పూస్తే జిడ్డుగా, జిగటగా తయారవుతుంది. సన్నగా పొగ వచ్చేవరకూ కాల్చి చల్లార్చండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే నూనె ఇనుముకు పట్టి గట్టి నల్లని పొరగా మారుతుంది. ఆ పొరే అట్టును అంటుకోకుండా కాపాడుతుంది.

తర్వాత ప్రతిసారీ అట్టు పోసేముందు సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పలకంతా రుద్దండి. వంట అయ్యాక ఇసుకతో గానీ బూడిదతో గానీ గట్టిగా తోమకండి, ఆ పొర ఊడిపోతుంది. బూడిద అన్నం గిన్నెలకు ఉంచుకోండి. పెనానికి వేడినీళ్ళు, కొబ్బరిపీచు చాలు. తడి ఆర్చి, చుక్క నూనె రాసి, గాలి ఆడే చోట పెట్టండి. పలక ఆ ఒక్క అట్టుకు అంటుకుందని నిరాశ పడకండి. పదో అట్టు దానంతట అదే లేస్తుంది.

మూడు వంటలు

చోడి అట్టు: రెండు గ్లాసుల చోడిపిండి, అరగ్లాసు బియ్యప్పిండి, కొంచెం పులిసిన మజ్జిగ, తగినన్ని నీళ్ళు కలిపి గరిటజారుగా చేసుకోండి. అరగంట నాననివ్వండి. సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు కలపండి. అట్టు పోసి చుట్టూ నూనె వేసి, మూత పెట్టి రెండు నిమిషాలు ఉంచి తిప్పండి. చోడి నల్లగా ఉంటుంది కాబట్టి మాడిందో లేదో కంటికి తెలియదు. అంచు పెనాన్ని వదలడమే గుర్తు.

మినపరొట్టె: దీన్నే దిబ్బరొట్టె అంటారు. బొగ్గు మీద చేసినది తిన్నవారికి గ్యాసు మీద చేసినది రుచించదు. ఒక గ్లాసు మినపప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు తక్కువ పోసి గట్టిగా రుబ్బండి. రెండు గ్లాసుల బియ్యపు రవ్వను కడిగి పిండి అందులో కలపండి. ఉప్పు, జీలకర్ర వేయండి. దీనికి పలక కంటే లోతైన ఇనుప మూకుడు మేలు. నాలుగు చెంచాల నూనె వేడిచేసి, రెండు వేళ్ళ మందాన పిండి వేసి, గట్టి ఇనుప మూత పెట్టండి. కింద నిప్పులు పలచగా ఉండాలి. పైన మూత మీద కూడా నాలుగు నిప్పులు పెట్టండి. కింద పెచ్చు ఎర్రబడుతుంది, పైన కూడా వేడి తగిలి నడుమ దూదిలా ఉడుకుతుంది. పాతిక, ముప్ఫై నిమిషాలు పడుతుంది. మూత తీసేటప్పుడు ముందుగా నిప్పులు తీసి, బూడిద ఊడ్చి ఆ తర్వాత తీయండి. నా మొదటి రొట్టె మీద మా అన్నదమ్ములు బూడిద దులుపుకుని తిన్నారు.

పెనం మీద చేపలు: సముద్రపు చిన్న చేపలు శుభ్రం చేసి, రెండు పక్కలా గాట్లు పెట్టి, కారం, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం పట్టించి ఇరవై నిమిషాలు ఉంచండి. బాగా కాగిన పలక మీద నూనె వేసి పరవండి. నాలుగు నిమిషాలవరకూ అట్లకాడ పెట్టి కదపకండి. కాలిన చేప తానే పెనాన్ని వదులుతుంది. వదలలేదంటే ఇంకా కాలలేదన్నమాట. చువ్వల మీద అయితే చిన్న చేపలు విరిగి సందుల్లో పడిపోతాయి. మీ అబ్బాయి తెచ్చిన పలక విలువ ఇక్కడ తెలుస్తుంది.

తిత్లీ తుపాను నాటి మాట

ఇక రెండో ప్రశ్న. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన జిల్లాలో పలాస వైపు తీరం దాటింది. అప్పుడు నేను అటు వైపు పల్లెలో మా అప్ప ఇంట్లో ఉన్నాను. ఆ రాత్రి కొబ్బరిచెట్లు పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తెల్లవారేసరికి కరెంటు స్తంభాలు నేలమీద ఉన్నాయి. అప్ప ఇంట్లో గ్యాసు బండ అప్పటికే అయిపోయింది. కొత్తది వచ్చే దారి లేదు. కట్టెలన్నీ తడిసిపోయాయి. పొడిగా ఉన్నది ఒక్క గోనెసంచి బొగ్గు, అదీ ఇస్త్రీ పెట్టె కోసం దాచినది.

అటక మీది ఇనుప కుంపటి దింపాం. పగలంతా అరుగు మీద పెట్టి అట్లు పోశాం. ఇరుగుపొరుగు పిల్లలకు కూడా పెట్టాం. సాయంత్రానికి మళ్ళీ జల్లు మొదలైంది, గాలి విసిరికొట్టింది. తడిసిన పిల్లలు చలికి వణుకుతున్నారు. "లోపల పెట్టుకుందాం, పొగ కూడా లేదు కదా, నిప్పులే కదా" అన్నది మా అప్ప. మామ్మ మాట నాకు గుర్తొచ్చింది. కానీ ఈ ఇంట్లో దూది లేదు కదా అనుకున్నాను. కుంపటిని నేనే ఎత్తి లోపలి గదిలో పెట్టాను. జల్లు కొడుతోందని తలుపు మూసి, కిటికీకి గోనె కట్టాం.

మరో గంటకు నాకు కణతలు పోట్లు మొదలయ్యాయి. అప్ప కడుపులో తిప్పుతోందని పక్కకు ఒరిగింది. అలసట అనుకున్నాం. అన్నం లేని, నిద్ర లేని రోజు కదా. అప్ప కూతురు, నాలుగేళ్ళ పిల్ల, చాప మీద పడుకుని ఉంది. బయట అరుగు మీదున్న అప్ప అత్తగారు తలుపు తట్టి, "పిల్లకు అట్టు పెట్టినారేటే?" అని అడిగింది. నేను పిల్లను తట్టాను. పలకలేదు. మళ్ళీ తట్టాను. చెయ్యి వాలిపోయింది. నేను లేవబోతే కాళ్ళు నిలవలేదు. నోటివెంట మాట కూడా రాలేదు.

ఆ పెద్దావిడ జవాబు రాలేదని తలుపు తోసింది. ఆమెకు ఏ శాస్త్రమూ తెలియదు. కుంపటిని చూసింది. "తలుపు మూసి బొగ్గులు ఎట్టుకున్నారేటే పిచ్చిముండల్లారా!" అని అరిచి, పిల్లను ఎత్తుకుని వానలోకి పరుగెత్తింది. వెనక్కి వచ్చి మా ఇద్దరినీ చేతులు పట్టి ఈడ్చింది. ఆ చల్లగాలిలో, ఆ వానలో కాసేపటికి పిల్ల కళ్ళు తెరిచి ఏడ్చింది. ఆ ఏడుపు వినిపించినప్పుడు మేము ప్రభువును స్తుతించిన తీరు ఈ పేజీలో రాయలేను. నాకు రెండు రోజులు తలనొప్పి తగ్గలేదు. పిల్లను నా చేతులతో నేనే అంతవరకూ తెచ్చానన్న బాధ ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కనబడని విషం

తర్వాత ఒక డాక్టరుగారు వివరంగా చెప్పారు. బొగ్గు మండుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. కట్టెల పొగ అయితే మనల్ని తరిమి బయటికి పంపుతుంది. ఇది నిద్రపుచ్చుతుంది. మన రక్తం ప్రాణవాయువును పట్టుకునే చోటును ఇది సుమారు 200 రెట్లు గట్టిగా పట్టేస్తుంది. అందువల్ల ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది, శరీరానికి మాత్రం ప్రాణవాయువు అందదు. చిన్నపిల్లలకు, గర్భిణీలకు, గుండెజబ్బు ఉన్నవారికి మరీ ప్రమాదం.

ఆలోచించి చూడండి. నిప్పుకు గాలి తక్కువైన కొద్దీ ఈ విషం ఎక్కువగా పుడుతుంది. కుంపటి మూతి మూసేస్తే నిప్పుకు ఊపిరి ఆడదు. గది తలుపు మూసేస్తే మనిషికి ఊపిరి ఆడదు. రెండూ ఒకే తప్పు. పొగ లేదు కాబట్టి భయం లేదన్న మా అప్ప మాటా, అందుకు తలూపిన నా అజ్ఞానమూ ఒక పసిప్రాణం మీదికి తెచ్చాయి.

అందుచేత ఈ నాలుగు మాటలు గోడ మీద రాసి పెట్టుకోండి.

ఒకటి, కుంపటి గానీ గ్రిల్ గానీ ఇంట్లో, మూసిన వరండాలో, డేరాలో, వాహనంలో పెట్టకూడదు. ఒక కిటికీ తెరిచాం కదా అనే ధైర్యం చాలదు. వాన వస్తే పైకప్పు ఉండి, చుట్టూ తెరిచి ఉన్న పాకే దానికి చోటు.

రెండు, వంట అయిపోయిన నిప్పులను కూడా లోపలికి తేకూడదు. నివురు కప్పిన నిప్పు గంటల తరబడి ఆ విషాన్ని వదులుతుంది. పురిటి గదిలో, చలికాలపు రాత్రుల్లో మంచం కింద కుంపటి పెట్టే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే ఈ రోజే మానిపించండి.

మూడు, నిప్పు దగ్గర ఉన్నవారికి ఒకేసారి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, మగత వస్తే అలసట అనుకోకండి. ముందు మనుషులను బయటి గాలిలోకి తీసుకురండి. ఆ తర్వాతే కుంపటి సంగతి. వెంటనే 108కు ఫోను చేయండి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్ళి చూపించండి. ఆ రోజు దారులన్నీ చెట్లు పడి మూసుకుపోయి మేము వెళ్ళలేకపోయాం. మీరు మాత్రం వెళ్ళండి.

నాలుగు, వంట ముగిశాక నిప్పుల మీద నీళ్ళు పోసి, కలిపి, పూర్తిగా చల్లారాయని చూసుకున్నాకే పారేయండి. నీళ్ళు పోసేముందు పెనం తీసి దూరంగా పెట్టండి, ఆవిరి ముఖానికి కొట్టకుండా పక్కకు నిలబడండి. బూడిద కింద నిప్పు మర్నాటివరకూ బతికి ఉంటుంది. గడ్డివాము, దూది, పిల్లల పాదాలు, వేటినీ అది విడిచిపెట్టదు.

బయట వెలిగిన నిప్పులు

మన వంటింటి పెనానికి లేఖనాల్లో కూడా చోటుంది. లేవీయకాండము రెండవ అధ్యాయంలో పెనం మీద కాల్చిన నైవేద్యం సంగతి ఉంది. పేదరాలి పెనం కూడా దేవునికి తక్కువది కాదని నేను ఆ మాట చదివినప్పుడల్లా అనుకుంటాను. ఇక బొగ్గుల నిప్పు యోహాను సువార్తలో రెండుచోట్ల కనిపిస్తుంది. పద్దెనిమిదో అధ్యాయంలో ప్రధానయాజకుని ముంగిట పేతురు చలి కాచుకున్న నిప్పు ఒకటి. ఇరవై ఒకటో అధ్యాయంలో సముద్రపు ఒడ్డున చేపలు, రొట్టె పెట్టి ఉన్న నిప్పు ఒకటి. మొదటి నిప్పు దగ్గర పేతురు ప్రభువును ఎరుగనన్నాడు. రెండో నిప్పు దగ్గర భోజనమైన తర్వాత ప్రభువు అతన్ని మళ్ళీ దగ్గరకు తీసుకున్నాడు. తిత్లీ తర్వాత ఆ రెండు అధ్యాయాలూ చదువుతుంటే నాకు ఇంకో సంగతి కూడా కనబడింది. ఆ రెండు నిప్పులూ ఆరుబయటే వెలిగాయి.

కాబట్టి అమ్మా, మీ అబ్బాయి ప్రేమతో తెచ్చిన గ్రిల్‌ను అటక ఎక్కించవద్దు. పలక కింద నాలుగు మూలలా అంగుళం సందు ఇవ్వండి. నిప్పులను దండలా పరవండి. పలకను నూనెకు అలవాటు చేయండి. దొడ్లో నాలుగు రాటలు పాతి తాటాకు పాక వేయించండి, గోడలు మాత్రం కట్టవద్దు. నిప్పు కప్పుకు తగలకుండా ఎత్తుగా వేయించండి. మీ కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి చోడి అట్టు ఆమె చేతనే పోయించండి. "లోపల ఎందుకు వద్దు అత్తా?" అని ఆమె అడిగితే, మా మామ్మలాగా కట్టడి ఒక్కటే చెప్పి ఊరుకోకండి. కారణం కూడా చెప్పండి. మామ్మ కారణం చెప్పి ఉంటే, ఆ సాయంత్రం నేను కుంపటిని గడప దాటించేదాన్ని కాను.

అప్ప కూతురు ఇప్పుడు పెద్దదైంది. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు దొడ్లో నా పక్కనే కూర్చుని విసనకర్ర విసురుతుంది. అట్టు తిప్పడం ఇంకా సరిగా రాదు గానీ, వాన చినుకు పడగానే, "పిన్నీ, కుంపటి లోపలికి వద్దు" అని ముందుగా చెప్పేది ఆ పిల్లే.

మీ ఇళ్ళలో పెనం మీద చేసే పాత వంటలు ఏవైనా ఉంటే కొలతలతో సహా రాసి పంపండి. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.